ఎలక్ట్రాన్ ‘ఒకేసారి రెండు చోట్ల’ ఉంటుందా? మా అమ్మాయి అడిగింది, చెప్పలేకపోయాను

అంబాజీపేట_కొబ్బరి

అందరికీ నమస్కారమండి. నాది కొబ్బరి వ్యాపారం, చదువు ఇంటర్ ఎంపీసీ దగ్గరే ఆగిపోయింది. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తుందని, ఐబీఎం వాళ్ళ 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్ పెడతారని 2025లో పేపర్లో పడ్డ దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే గోల. మొన్న రాత్రి భోజనాల దగ్గర "నాన్నా, ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు చోట్ల ఉంటుందని వీడియోల్లో చెబుతున్నారు, కాలేజీలో అడిగితే అది పరీక్షకి రాదన్నారు, ఒక్క వస్తువు రెండు చోట్ల ఎలా ఉంటుంది?" అంది. నాకు తెలియదని చెప్పడానికి మొహమాటం లేదుగానీ, పిల్ల అడిగినప్పుడు ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి కదండీ. తెలిసినవాళ్ళు కాస్త మామూలు మాటల్లో చెప్పండి, పక్కన కూర్చుని చదివిస్తాను.

పాత_ప్రాక్టికల్స్

కొబ్బరిగారూ, మీ అమ్మాయి మంచి చోట పట్టుకుంది. నేను డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు నర్సాపురంలో ఉంటున్నాను. ఈ ప్రశ్నకి నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పిన జవాబు వేరు, ఇప్పుడు చెప్పే జవాబు వేరు.

మన కాలవ మీద పక్కపక్కనే రెండు తూములు ఉన్నాయనుకోండి. మొదటి తూము తీస్తే మీ చేలోకి కాస్త నీరొస్తుంది. అది మూసి రెండోది తీసినా కాస్త వస్తుంది. రెండూ తీస్తే రెట్టింపు రావాలి, ఎంత కాదన్నా తగ్గకూడదు. కానీ రెండూ తీసినప్పుడు మీ చేలోకి చుక్క రాలేదు, పక్క చేలోకి మాత్రం నాలుగింతలు వచ్చింది అని చెబితే లాకుల దగ్గర లస్కరు నమ్ముతాడా? ఎలక్ట్రాన్లు సరిగ్గా అదే పని చేస్తాయి. రెండు దారులూ తెరిచి ఉంటే అసలు రాని చోటికి, ఒక దారి మూసేస్తే వస్తాయి. ఎలక్ట్రాన్లకి ఈ అలల గుణం ఉందని 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీద చూశారు. 1989లో జపాన్‌లో టోనోమురా బృందం ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే వదిలి చూసింది, అంటే ఒకటి తెర మీద పడ్డాకే ఇంకోటి బయల్దేరినంత పలచగా. మొదట తెర మీద చుక్కలు ఎక్కడంటే అక్కడ పడ్డట్టు కనిపిస్తాయి, వేలల్లో పడేసరికి చారలు తేలతాయి. ఒకదానికొకటి అడ్డుపడి చారలు వచ్చాయనడానికి వీల్లేదు, ఎందుకంటే దారిలో రెండోది లేనే లేదు.

అందుకని ఎలక్ట్రాన్ ఏదో ఒక తూములోంచే వచ్చింది, ఏదో మనకి తెలియదంతే అన్నా కుదరదు, ఒక తూములోంచే వచ్చేదైతే రెండోది మూసినా తీసినా దానికేం పట్టదు కదా. రెండు ముక్కలై వచ్చిందన్నా కుదరదు, ఎక్కడ పట్టుకున్నా పూర్తి ఎలక్ట్రానే దొరుకుతుంది, సగం ఎలక్ట్రాన్‌ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. లెక్క చెప్పేది ఇది: ప్రతి దారికీ ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని ఆంప్లిట్యూడ్ అంటాం, దానికి ప్లస్ మైనస్ గుర్తులుంటాయి (అసలైతే సంకీర్ణ సంఖ్య, ప్రస్తుతానికి గుర్తులు చాలు). ఎడమ దారిది +0.5, కుడి దారిది −0.5 అనుకుంటే కలిపితే సున్న, అక్కడ చుక్క పడదు. కుడి దారి మూస్తే +0.5 ఒక్కటే మిగులుతుంది, దాన్ని వర్గం చేస్తే 0.25, అంటే నూటికి పాతిక సార్లు పడుతుంది. ఈ వర్గం చేసే నియమం 1926లో మాక్స్ బోర్న్ ఇచ్చాడు. మామూలు సంభావ్యతకి మైనస్ ఉండదు కాబట్టి రెండు దారులు కలిస్తే ఎప్పుడూ పెరగడమే, తగ్గడం ఉండదు. ఇక్కడ కొట్టేసుకుంటాయి. అమ్మాయిని ‘రెండు చోట్ల’ అనే మాట పక్కన పెట్టి ఈ కొట్టేసుకోవడాన్ని పట్టుకోమనండి, మిగతా సబ్జెక్టంతా దీని మీదే నిలబడింది.

ఏరేటర్_రాత్రులు

మాష్టారూ, మాది కాళ్ళ మండలం, రొయ్యల చెరువులు. మీరు చెప్పింది చదువుతుంటే నాకు చెరువులో అలలే గుర్తొచ్చాయి. రెండు ఏరేటర్లు తిరుగుతుంటే కొన్ని చోట్ల అలలు ఎగిరిపడతాయి, కొన్ని చోట్ల నీళ్ళు ఊగకుండా ఉంటాయి. ఒక అల పైకి తోస్తుంటే ఇంకోటి కిందకి లాగుతుంది కాబట్టి. మరి ఎలక్ట్రాన్ కూడా అల అనేస్తే సరిపోయిందిగా, ఇందులో కొత్తేముందండి?

గౌతమి_పాయ

ఏరేటర్ గారూ, మీ పోలిక సగం దూరం బాగా పనిచేస్తుంది. నేను ముమ్మిడివరం దగ్గర పుట్టి ఇప్పుడు వేరే రాష్ట్రంలో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ లెక్క చేసే చిన్న భాగాలు, అతి చల్లని సర్క్యూట్లతో చేసినవి) మీద రిసెర్చ్ చేస్తున్నాను, రోజూ ఈ అలలతోనే పని. తేడా రెండు చోట్ల ఉంది. చెరువులో అల గట్టు పొడవునా తగులుతుంది, ఎలక్ట్రాన్ మాత్రం తెర మీద ఒక్క చుక్కగానే పడుతుంది, ఆ చుక్క ఎక్కడ పడుతుందో ముందు చెప్పే మార్గం సిద్ధాంతంలో లేదు. రెండోది ఇంకా పెద్ద తేడా. మీ చెరువులో అల మీ చెరువులోనే ఉంటుంది. రెండు ఎలక్ట్రాన్లుంటే వాటి అల మన మూడు కొలతల జాగాలో ఉండదు, ఆరు కొలతల లెక్కలో ఉంటుంది, రెండింటికీ కలిపి ఒకే అల. 300 క్యూబిట్లు తీసుకుంటే వాటి స్థితి రాయడానికి 2³⁰⁰ సంఖ్యలు కావాలి, కనిపించే విశ్వంలో ఉన్న పరమాణువుల లెక్క కంటే అది ఎక్కువ. క్వాంటం కంప్యూటర్ బలం ఇక్కడుంది, దాన్ని కట్టడంలో కష్టం కూడా ఇక్కడే ఉంది.

అంబాజీపేట_కొబ్బరి

చదివించానండి. తూముల దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. అమ్మాయి నోటుబుక్కులో +0.5, −0.5 వేసుకుని తర్వాత తను చదువుకున్న ఎంటాంగిల్‌మెంట్ సంగతి చెప్పింది, రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా ఒకదాన్ని చూస్తే రెండోదాని సంగతి తెలుస్తుందట. నాకైతే ఇందులో వింతేమీ కనిపించలేదండి. కొబ్బరికాయ కొడితే కళ్ళున్న చిప్ప ఒకటి, కళ్ళు లేని చిప్ప ఒకటి వస్తాయి. చూడకుండా ఒకటి కాకినాడ పంపి, ఒకటి పాలకొల్లు పంపితే, కాకినాడలో మూట విప్పినవాడికి పాలకొల్లులో ఏముందో వెంటనే తెలిసిపోతుంది. ఇంతేనా?

గౌతమి_పాయ

కొబ్బరిగారూ, ఐన్‌స్టైన్ 1935లో పొడోల్‌స్కీ, రోజెన్‌లతో కలిసి వేసిన వాదన మీ కొబ్బరి చిప్ప వాదనకి చాలా దగ్గర. ఏ చిప్పో కొట్టినప్పుడే తేలిపోయింది, మనం ఆలస్యంగా చూస్తున్నాం, అంతే అని. 30 ఏళ్ళపాటు ఇది అభిప్రాయాల గొడవగానే ఉండిపోయింది. 1964లో జాన్ బెల్ దీన్ని లెక్కలోకి తెచ్చాడు. ఈ ఒక్క పోస్టూ నెమ్మదిగా చదవండి, నాకు ఫిజిక్స్ మీద పిచ్చి పట్టించింది ఇదే.

జంట ఫోటాన్లు (కాంతి రేణువులు) రెండు ఊళ్ళకి వెళ్ళాయి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పోలరైజర్ (ఒక దిశలో ఊగే కాంతినే వదిలే పొర), దాన్ని మూడు కోణాల్లో పెట్టొచ్చు: 0, 60, 120 డిగ్రీలు. ఫోటాన్ దాన్ని దాటుతుంది లేదా ఆగుతుంది. రెండు ఊళ్ళలోనూ ఒకే కోణం పెడితే ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది, రెండూ దాటతాయి లేదా రెండూ ఆగుతాయి. మీ చిప్పల లెక్క ప్రకారం ఫోటాన్లు బయల్దేరేటప్పుడే మూడు కోణాలకీ మూడు జవాబులు జేబులో వేసుకుని వెళ్ళాలి. జవాబులు రెండు రకాలే, ప్రశ్నలు మూడు, కాబట్టి ఆ మూడింట్లో కనీసం రెండింటికి ఒకే జవాబు ఉండి తీరుతుంది. అందుకని రెండు ఊళ్ళలో వేరువేరు కోణాలు పెట్టినప్పుడు సగటున మూడింట ఒకసారైనా జవాబులు కలవాలి. తప్పించుకునే దారి లేదు, మీరు కాగితం మీద ఎనిమిది రకాల జేబులూ రాసి చూసుకోవచ్చు. క్వాంటం లెక్క చెప్పేది నాలుగింట ఒకసారి. కొలిస్తే వచ్చేదీ క్వాంటం చెప్పినదే. అంటే జవాబులు ముందే జేబులో లేవు, లేదా ఉన్నా దూరంగా జరిగినదాని బట్టి మారుతున్నాయి. కొబ్బరి చిప్పలతో ఎన్ని వేల కాయలు కొట్టినా మూడింట ఒకటి కంటే కిందికి తేలేరు.

1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్ మొదటిసారి కొలిచారు, 1980ల మొదట్లో ఆస్పె ఇంకా పకడ్బందీగా చేశాడు, 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో పెట్టిన రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్లతో పెద్ద లొసుగులు రెండూ (రెండు చోట్ల మధ్య కబురు పోయి ఉండొచ్చు, కొన్ని కణాల్నే లెక్కపెట్టి ఉండొచ్చు అన్నవి) ఒకేసారి మూసి చేశారు. 2022 నోబెల్ ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకి వచ్చింది దీనికే.

వైనతేయ_లంక

మాది రాజోలు, హైదరాబాద్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ సెక్యూరిటీ చూస్తాను. ఒక అనుమానం. ఒక ఊళ్ళో కోణం తిప్పితే రెండో ఊళ్ళో జవాబు మారుతుందంటే దాంతో సందేశం పంపొచ్చుగా? కాంతి కంటే వేగంగా ఫోన్ అని యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది.

పాత_ప్రాక్టికల్స్

పంపలేం. ఏ ఊళ్ళో కూర్చున్నవాడికైనా తన కాగితం మీద కనిపించేది సగం సార్లు దాటడం, సగం సార్లు ఆగడం, అంతే. అవతలివాడు కోణం ఎంత తిప్పినా ఇవతలి కాగితం మీద ఆ సగం సగం మారదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ నాలుగింట ఒకటి కనిపిస్తుంది, పక్కపక్కన పెట్టాలంటే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి లేదా పంటు ఎక్కి రేవు దాటి రావాలి. అందుకే ఐన్‌స్టైన్ సాపేక్షతకి ఇక్కడ దెబ్బ తగల్లేదు. ఫోటాన్‌ని కాపీ తీసి చాలాసార్లు కొలిస్తే అనే ఉపాయం తోచవచ్చు, కానీ తెలియని క్వాంటం స్థితికి కాపీ తీయడం కుదరదని 1982లోనే రుజువు చేశారు. దొంగచాటుగా వినేవాడు పట్టుబడే క్వాంటం కీ పద్ధతి, 1984లో బెన్నెట్, బ్రసార్డ్ ఇచ్చింది, నిలబడేది కూడా ఈ కాపీ కుదరకపోవడం మీదే.

తాతగారి_అరుగు

నేను ఫిజిక్స్ చదవలేదు, సంస్కృతం పంతులుగా పనిచేశాను. చూసేవాడు చూస్తేనే వస్తువు తేలుతుంది అని బయట అంటున్నారు కదా, అంటే చైతన్యం వల్లే జగత్తు అని మనవాళ్ళు చెప్పినది ఇదే కాదా? ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివాడని విన్నాను. వాదనకి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

గౌతమి_పాయ

తాతగారూ, ష్రోడింగర్‌కి ఉపనిషత్తుల మీద ప్రేమ ఉన్న మాట నిజం, దాని మీద రాశాడు కూడా. కానీ 1926 సమీకరణాన్ని ఆయన డి బ్రోలీ అలల నుంచి కట్టాడు, దాన్ని నిలబెట్టింది హైడ్రోజన్ వర్ణపటం. ఇక ‘చూడటం’ అంటే ఫిజిక్స్‌లో మనిషి చూడటం కాదు. ఏ దారిలో వచ్చిందో ఆ కబురు బయటికి పొక్కితే చాలు, ఒక గాలి అణువు తగిలి పోయినా సరే. దీనికి చక్కటి ప్రయోగం ఉంది. వియన్నాలో 1999లో 60 కార్బన్ పరమాణువుల బంతుల్లాంటి అణువులతో చారలు చూపించారు. తర్వాత 70 కార్బన్ల అణువుల్ని లేజర్‌తో బాగా వేడెక్కించి అదే ప్రయోగం చేశారు. వేడెక్కిన అణువు దారిలో కాంతి చిమ్ముతుంది, ఆ కాంతి అది ఎక్కడుందో చెప్పేస్తుంది. వేడి పెంచేకొద్దీ చారలు చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరూ చూడలేదు, పట్టుకోలేదు. దీన్ని డీకోహెరెన్స్ అంటాం, 1970లో జే, ఆ తర్వాత జురెక్ దీన్ని తీర్చిదిద్దారు.

ఇక్కడితో అయిపోయిందని మాత్రం అనను. అన్ని అవకాశాల్లోంచి మనకి ఒక్కటే ఎందుకు దక్కుతుంది అన్నది డీకోహెరెన్స్ చెప్పదు. కొందరు అన్నీ జరుగుతాయి, లోకాలు చీలతాయి అంటారు, కొందరు సమీకరణాన్నే మార్చాలంటారు, కొందరు ఇది మనకున్న సమాచారం గురించిన లెక్క అంటారు. నూరేళ్ళయినా తేలని ప్రశ్న ఇది. మీ ప్రశ్న తప్పు ప్రశ్న కాదు, ‘చూడటం వల్ల’ అన్న జవాబు మాత్రం ప్రయోగం ముందు నిలవలేదు.

తాతగారి_అరుగు

చెప్పిన తీరు బాగుందమ్మా. ఒక బాధ కూడా చెప్పుకోవాలి. కిందటేడాది ఒకతను మా వీధికి వచ్చి ‘క్వాంటం శక్తి’ లాకెట్టని మా ఇంటావిడకి మోకాళ్ళ నొప్పులకి నాలుగు వేలకి అంటగట్టాడు. నేను పక్కనే ఉన్నాను, ఆ మాట వినగానే అడగడానికి జంకాను. ఆ జంకు పోవాలనే ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను.

పాత_ప్రాక్టికల్స్

పంతులుగారూ, ఆ జంకు మీ ఒక్కరిదీ కాదు. ఈ మాట పెట్టుకుని ఎవరైనా ఏదైనా అమ్మితే ఒక్కటే అడగండి: ఏ కొలత, ఎంత, ఏ పరికరంతో? నిజమైన క్వాంటం ప్రతిచోటా కొలతతోనే ఉంటుంది. ప్లాంక్ 1900లో మొదలుపెట్టిన స్థిరాంకాన్ని 2019 నుంచి ప్రపంచమంతా 6.62607015 × 10⁻³⁴ జౌల్ సెకండ్ అని బిగించి కిలోగ్రామునే దాని మీద నిలబెట్టారు. సెకనుకి నిర్వచనం సీసియం పరమాణువు 9,192,631,770 డోలనాలు. ఇంత కచ్చితం ఇంకే శాస్త్రంలోనూ లేదని నా నమ్మకం.

ఏరేటర్_రాత్రులు

మాష్టారూ, కొలత అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా బతుకుల్లో ఇది ఎక్కడన్నా తగులుతుందా? ట్రాన్సిస్టర్, లేజర్ అని పుస్తకంలో చదివాను, అది కాదు, మా చెరువు గట్టు మీద.

పాత_ప్రాక్టికల్స్

మీ చేతిలో డీవో మీటర్ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) ఉందా? పొర, ద్రావణం మార్చే పాత రకమా, కొసన రంగు బిళ్ళ ఉండే కొత్త రకమా?

ఏరేటర్_రాత్రులు

కొత్త రకమేనండి, బిళ్ళది. తెల్లవారుజామున మూడింటికి డీవో పడిపోతే రొయ్య పైకి తేలుతుంది, ఆ గంటలో అన్ని ఏరేటర్లూ వేయాలి, ఆలస్యమైతే పంట పోయినట్టే. రాత్రంతా ఆ మీటర్ మీదే మా ప్రాణం.

పాత_ప్రాక్టికల్స్

అయితే వినండి, ఇది మొత్తం క్వాంటమే. ఆ మీటరు బిళ్ళ మీద నీలం కాంతి కొడుతుంది. బిళ్ళలోని రంగు అణువు ఆ ఫోటాన్‌ని మింగి పై మెట్టుకి ఎక్కుతుంది, మెల్లగా దిగుతూ ఎర్రటి కాంతి వదుల్తుంది. మెట్లు నిర్ణీతంగా ఉంటాయి, ముందు కాస్త శక్తి పోగొట్టుకుని కిందిమెట్టుకి జారి అక్కడి నుంచి దిగుతుంది, అందుకే నీలం ఇస్తే ఆ ఎరుపే వస్తుంది. ఆ అణువుకి ఈలోగా ఆక్సిజన్ తగిలితే దాని శక్తి లాగేసుకుంటుంది, ఎర్ర వెలుగు త్వరగా ఆరిపోతుంది. వెలుగు ఎంతసేపు నిలిచిందో కొలిచి మీటర్ ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. నీళ్ళలో నైట్రోజన్ కూడా కరిగి ఉంటుంది, అది ఎందుకు లాక్కోదు? ఆక్సిజన్ అణువులో జత కట్టని ఎలక్ట్రాన్లు రెండు ఉంటాయి, వాటి స్పిన్‌లు (ఎలక్ట్రాన్‌కి సహజంగా ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం) ఒకే వైపు, అందుకే ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అంటుకుంటుంది. ఆ అమరిక వల్లే రంగు అణువు నుంచి శక్తి తీసుకోవడానికి దానికి సందు దొరుకుతుంది. నైట్రోజన్‌లో అన్నీ జతలే. ఎలక్ట్రాన్ స్పిన్‌లు ఎటు తిరిగి ఉన్నాయన్నది రాత్రి మూడింటికి మీ రొయ్యల్ని కాపాడుతోంది.

ఏరేటర్_రాత్రులు

ఆయ్. ఇన్నేళ్ళ నుంచీ ఆ బిళ్ళని గుడ్డతో తుడిచి నీళ్ళలో ముంచుతున్నాను, లోపల ఇది జరుగుతోందని ఒక్కరూ చెప్పలేదు. మీటర్ అమ్మినతను కూడా బిళ్ళ ఏడాదికోసారి మార్చమన్నాడంతే. ఈ పోస్టు మా వాళ్ళ గ్రూపులో పెడతాను.

వైనతేయ_లంక

కంప్యూటర్ల సంగతికి వద్దాం, నా ఉద్యోగం దాని మీదే కాబట్టి. అన్ని సమాధానాలూ ఒకేసారి ప్రయత్నిస్తుంది అని ప్రతి ఉపన్యాసంలో చెబుతారు. అది నిజమైతే ఏ తాళమైనా క్షణంలో విడిపోవాలి, మరి అలా లేదు. ఎంతవరకు నిజం?

గౌతమి_పాయ

అన్నీ ఒకేసారి అన్నది తప్పుదారి పట్టించే మాట. చివర్లో కొలిస్తే ఒక్క జవాబే వస్తుంది, ఏ ఏర్పాటూ చేయకపోతే అది చీటీ తీసినట్టే. మాష్టారు చెప్పిన కొట్టేసుకోవడం ఇక్కడ పనికొస్తుంది. తప్పు జవాబులకి వెళ్ళే దారుల ఆంప్లిట్యూడ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైనదానివి కలిసి పెరిగేలా లెక్క నడపాలి. అలా నడపగలిగే లెక్కలు కొన్నే. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యల కారణాంకాలకి అలాంటి దారి కనిపెట్టాడు, మీ ఆర్‌ఎస్‌ఏ తాళం (పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కోవడం కష్టమన్నదాని మీద నిలబడే రహస్య సంకేతం) దానికి విడుతుంది. 1996లో గ్రోవర్ వెతుకులాటకి ఇచ్చినది అంత గొప్ప వేగం కాదు, పది లక్షల చీటీల్లో ఒకటి వెతకడానికి దాదాపు 785 అడుగులు. మామూలుగా సగటున అయిదు లక్షలు పడుతుంది. మిగతా చాలా పనులకి మీ ల్యాప్‌టాపే మేలు.

కష్టం ఎక్కడంటే తాతగారికి చెప్పిన డీకోహెరెన్స్ దగ్గరే. మా క్యూబిట్లని ఒక కెల్విన్‌లో నూరో వంతు దగ్గరికి, అంటే పరమశూన్యానికి అతి దగ్గరగా చల్లబరుస్తాం, అయినా ఏదో ఒక కబురు బయటికి పొక్కుతూనే ఉంటుంది. అందుకే చాలా క్యూబిట్లని కలిపి ఒక్క మంచి క్యూబిట్‌గా వాడాలి, తప్పులు పట్టుకుని దిద్దుతూ ఉండాలి. క్యూబిట్లు పెంచేకొద్దీ తప్పులు తగ్గుతాయా పెరుగుతాయా అన్నదే పెద్ద టెన్షన్. 2024 డిసెంబర్‌లో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద అమరిక పెంచిన ప్రతి మెట్టుకీ తప్పులు సగానికి పైగా తగ్గాయని చూపించింది. ఆ పేపర్ చదివిన రోజు మా ల్యాబ్‌లో భోజనానికి ఎవరూ లేవలేదు. 2025 నోబెల్ కూడా మా రంగం వాళ్ళకే, క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకి, 1984-85లో చేతిలో పట్టుకునేంత సర్క్యూట్‌లో టన్నెలింగ్ (దాటే శక్తి లేకున్నా అడ్డాన్ని దాటిపోవడం) చూపించినందుకు.

వైనతేయ_లంక

నా వైపు నుంచి ఒక మాట. మెషిన్ ఇంకా రాలేదు కదా అని ఊరుకోకూడదు, ఇవాళ దొంగిలించి దాచిన డేటాని రేపు విప్పొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో క్వాంటం కంప్యూటర్‌కి కూడా లొంగవని భావించే కొత్త తాళాలు మూడు ప్రకటించింది. మేం మార్చడం మొదలుపెట్టాం, పాత కోడ్ తవ్వుకుంటూ పోతే ఏళ్ళు పట్టే పని. ఈ పనికి ఫిజిక్స్ డిగ్రీ కూడా అక్కర్లేదు, లెక్కలు బాగా రావాలి.

అంబాజీపేట_కొబ్బరి

ఇదే అడుగుదామనుకుంటున్నానండి. అమ్మాయి ఈ దారిలో వెళ్తే ఏం చదవాలి, ఇంకా కనిపెట్టాల్సింది ఏమన్నా మిగిలిందా? బంధువులందరూ బీఎస్సీ ఎందుకు, మానిపించి ఏదన్నా కోర్సులో చేర్చమంటున్నారు.

గౌతమి_పాయ

మానిపించకండి. ముందు లీనియర్ ఆల్జీబ్రా, సంకీర్ణ సంఖ్యలు చేతికి అలవాటు కావాలి, ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు) పాఠాలు ఉచితం. మూడో ఏడాది జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ) పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ, ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ దాకా ఒకే దారి ఉంది. నేషనల్ క్వాంటం మిషన్‌కి కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లు మంజూరు చేసింది, కంప్యూటింగ్ ఐఐఎస్‌సీ బెంగళూరులో, కమ్యూనికేషన్ మద్రాస్ ఐఐటీలో, సెన్సింగ్ బొంబాయిలో, మెటీరియల్స్ ఢిల్లీలో.

మిగిలిన ప్రశ్నలంటారా, ఒక్కటి చెబుతాను, అదంటే నాకు ప్రాణం. గురుత్వాకర్షణ క్వాంటమా కాదా, ఇంతవరకూ ప్రయోగం తేల్చలేదు. 2017లో సుగతో బోస్ బృందం ఒకటి, మార్లెట్టో, వెద్రాల్ ఇంకొకటి, ఒకే ఆలోచన ఇచ్చారు: సుమారు 10⁻¹⁴ కిలోల వజ్రపు నలుసులు రెండింటిని చెరో రెండు దారుల్లో పెట్టి, వాటి మధ్య గురుత్వం తప్ప ఇంకేమీ లేకుండా చేసి, అవి ఎంటాంగిల్ అవుతాయేమో చూడాలి. అలా ఎంటాంగిల్ అయితే గురుత్వానికీ క్వాంటం గుణం ఉందని గట్టి సాక్ష్యం. నలుసుని అంత శుభ్రంగా పట్టుకోవడం ఇప్పటికి ఎవరివల్లా కాలేదు, మీ అమ్మాయి పీహెచ్‌డీ నాటికి కూడా పని మిగిలే ఉంటుంది.

మన వైపు పనికొచ్చేది ఇంకోటి. చల్లబరిచిన పరమాణువుల్ని కిందికి వదిలి, వాటి రెండు దారుల చారల్ని బట్టి గురుత్వాన్ని కొలిచే మీటర్లున్నాయి. భూమి కింద నీరు తగ్గినా పెరిగినా గురుత్వం ఇసుమంత మారుతుంది, అది వీటికి అందుతుంది. కొత్త ఆప్టికల్ గడియారాలకి సెంటీమీటరు ఎత్తు తేడా కూడా తెలిసిపోతుంది. మా ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో, ఏటా ఎంత కుంగుతోందో ఒక గడియారం చెప్పగలిగే రోజు వస్తే చూడాలని నాకు చిన్నప్పటి కోరికలా ఉండిపోయింది.

పాత_ప్రాక్టికల్స్

బంధువులకి ఇది చెప్పండి కొబ్బరిగారూ. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద, సన్యాసి, యోగసాధన కోసం ఇల్లు వదిలినాయన, తర్వాత ప్రాగ్ వెళ్ళి ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేశారు. హై వాక్యూమ్ మీద పుస్తకమే రాశారు. తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్ నిలబెట్టారు. మన గట్ల మీంచి నడిచి వెళ్ళిన మనిషి.

అమ్మాయికి ఒక పని ఇస్తున్నాను. లేజర్ పాయింటర్ ఎర్రది తీసుకుని, దాని మూతి ముందు ఒక్క తలవెంట్రుక నిలువుగా అంటించి, మూడు మీటర్ల దూరంలో గోడ మీద కొట్టండి. గదిలో చీకటి ఉండాలి. లేజర్ కంట్లో పడకూడదు, అద్దం వైపు తిప్పకూడదు. చారల మధ్య దూరం స్కేలుతో కొలిచి ఇక్కడ రాయమనండి.

అంబాజీపేట_కొబ్బరి

నేను వాళ్ళమ్మాయిని, నాన్న ఫోన్‌లోంచి రాస్తున్నాను. నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు చేశాం. గోడ మీద అడ్డంగా వరసగా చారలు వచ్చాయి, అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చూసింది. పది చారలు కొలిచి సగటు తీస్తే 2.8 సెంటీమీటర్లు. లేజర్ మీద 650 నానోమీటర్లు అని ఉంది. 650 నానోమీటర్లని 3 మీటర్లతో గుణించి 2.8 సెంటీమీటర్లతో భాగిస్తే వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు వచ్చింది. నాన్నగారి వెంట్రుకతో చేస్తే చారలు ఇంకా దగ్గరగా వచ్చాయి, అంటే అది ఇంకా మందం. సన్న వెంట్రుకకి చారలు దూరంగా ఎందుకు పోతాయో మొదట అర్థం కాలేదు, తర్వాత సూత్రంలో మందం కింద ఉందని చూశాను.

పాత_ప్రాక్టికల్స్

పది చారలు కొలిచి సగటు తీశావు చూడు, ఆ ఒక్క పనికి నా రికార్డు బుక్కులో పూర్తి మార్కులు.

గౌతమి_పాయ

భలే చేశావమ్మా. ఒక్క జాగ్రత్త, ఈ చారలు మాత్రమే చూసి క్వాంటం రుజువైంది అనకూడదు, మామూలు కాంతి అలలతో కూడా ఇవి వస్తాయి, 1800ల మొదట్లోనే యంగ్ చూశాడు. ఒక్కొక్క ఫోటాన్‌నే వదిలినా ఇవే చారలు రావడం, ఆ ఫోటాన్ ఎప్పుడూ రెండుగా చీలకపోవడం, ఈ రెండూ కలిపి 1986లో గ్రాంజియే, రోజర్, ఆస్పె చూపించారు. అక్కడ మొదలైంది అసలు కథ.

అంబాజీపేట_కొబ్బరి

అక్కా, ఇంకోటి. మీరు పోలరైజర్లు అన్నారని పాత కాలిక్యులేటర్ తెర మీది పొర ఒలిచి రెండు ముక్కలు చేశాను. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పెడితే చీకటి. వాటి మధ్యలో ఇంకో ముక్క ఏటవాలుగా దూరిస్తే మళ్ళీ వెలుతురు వస్తోంది! అడ్డం ఒకటి ఎక్కువైతే కాంతి తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? దూర్చిన పొర పక్కింటి అన్నయ్య వాచీది, తిరిగి ఇచ్చేయాలి.

పాత_ప్రాక్టికల్స్

జవాబు ఇప్పుడే చెప్పనమ్మా, మొదటి పోస్టులో +0.5 వేసుకున్న నోటుబుక్కు తీసి ఏటవాలు ముక్క దగ్గర కాంతి నిలువుకి ఎంత వంతు, అడ్డానికి ఎంత వంతు రాసుకో. ఆదివారం పొద్దున్న నేను సఖినేటిపల్లి రేవు దాటి వస్తున్నాను, నాన్నగారికి ఇబ్బంది లేకపోతే మీ ఇంటికి వస్తాను. నా దగ్గర పోలరాయిడ్ ముక్కలు ఆరున్నాయి, కోణాలు గుర్తులు పెట్టినవి. వాచీ పొర అన్నయ్యకి ఇచ్చేయ్.

అంబాజీపేట_కొబ్బరి

మళ్ళీ నాన్ననండి. ఇబ్బందేముంది మాష్టారూ, భోజనం మా ఇంట్లోనే. ఎన్నింటి పంటుకి వస్తారో చెబితే రేవు దగ్గరికి బండేసుకుని వస్తాను.